డి మేజర్ నుంచి రెండు మెట్లు కిందికి

కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాదే మా చర్చికి పెద్ద వార్షికోత్సవం వచ్చింది. ఏలూరులో మిషన్ కాలంనాటి చర్చి మాది. పునాది రాయి మీద అంకెలు అరిగిపోయాయి కాబట్టి అది ఎన్నో వార్షికోత్సవమో పెద్దవాళ్ళు ముగ్గురు మూడు రకాలుగా చెప్పేవారు. ఎన్నోదైతేనేం, ఆ ఆదివారం క్వయర్ 'ఆ పాట' పాడాలని మాత్రం ముగ్గురూ ఒప్పుకున్నారు. ఆ పాట అంటే మాలో ఎవరికైనా తెలిసిపోయేది. మూడు వందల ఏళ్ళ కిందట యూరప్‌లో ఏదో రాజుగారి కోసం కట్టిన యాంథమ్ అది. వాద్యాలూ, ఆడా మగా నాలుగు రకాల గొంతులూ కలిసి పాడే పెద్ద పాట. దానికి తెలుగు మాటలు ఏ దొరసాని అతికించిందో కానీ స్వరాలు తక్కువ, మాటలు ఎక్కువ. ఊపిరి తీసుకోవడానికి సందు దొరకదు.

కీబోర్డు నాది. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. తాడేపల్లిగూడెంలో ఒక స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పొద్దున పాసింజర్‌లో వెళ్ళి సాయంత్రం పాసింజర్‌లో వచ్చేదాన్ని. నాకు భయం పుట్టుకతో వచ్చింది. గ్యాస్ కట్టానా లేదా అన్న అనుమానం సరిగ్గా దెందులూరు దాటాక వచ్చేది, ఇక గూడెం చేరేదాకా నా బుర్రలో మా ఇల్లు తగలబడుతూనే ఉండేది. అలాంటిదాన్ని తీసుకెళ్ళి, నిమిషంన్నర పాటు ఒక్క మనిషి కూడా నోరు విప్పని పాట ముందు కూర్చోబెట్టారు.

ఎందుకంటే ఆ పాట మొదట్లో ఎవరూ పాడరు. వాద్యాలే ఉంటాయి. మామూలు అలల్లాంటి స్వరాలు, నెమ్మదిగా, ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పైకి వస్తాయి. ఏదో జరగబోతోందని చెవికి తెలుస్తుంది, జరగదు. ఇంకాస్త పెరుగుతుంది, అప్పటికీ జరగదు. వినేవాళ్ళు బెంచీల మీద కదలడం మొదలుపెట్టాక అప్పుడు నాలుగు గొంతులూ ఒక్కసారి విరుచుకుపడతాయి. ఆ నిమిషంన్నర మొత్తం నా పది వేళ్ళ మీదే. ఒక్క వేలు తడబడితే వెనక ముప్ఫై మంది ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక మొహమొహాలు చూసుకుంటారు.

మా క్వయర్ మేష్టారు హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైనాయన. ఆ పాట పుట్టింది బరోక్ కాలంలో అనేవారు ఆయన, ఆ కాలంలో తాను నాలుగేళ్ళు ఉద్యోగం చేసి వచ్చినంత నమ్మకంగా.

"డి మేజర్ అంటే పండగ స్కేలమ్మా. ఆ రోజుల్లో ట్రంపెట్లకి బటన్లు ఉండేవి కావు. పండగలకి ఊదేవి డిలోనే తయారయ్యేవి. రాజుగారి పనైనా దేవుడి పనైనా ట్రంపెట్ మోగాలంటే పాట డిలోకి రావాల్సిందే. అందుకే చూడు, పాట ఎత్తుకోగానే కిటికీలన్నీ తెరిచినట్టుంటుంది."

వేగం గురించీ ఆయనకి అంతే పట్టింపు. కాగితం మీద ఇటాలియన్ మాట ఏదో ఉండేది. నడక అనీ, దర్జా అనీ దానికి అర్థమట. నేను భయానికి వేగం పెంచేసేదాన్ని. వేళ్ళు వాటంతట అవే ముందుకు పరిగెత్తేవి.

"రాజుగారు నడుస్తున్నారమ్మా," అనేవారు మేష్టారు. "విజయవాడ బస్సు కోసం పరిగెత్తట్లేదు."

అందరూ నవ్వేవారు. అమ్మ కూడా నవ్వేది.

అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. ముప్ఫై ఏళ్ళుగా సొప్రానో. ఆడవాళ్ళలో పై గొంతు వాళ్ళు ముందు బెంచీలో కూర్చుంటారు, కింది గొంతు పాడే ఆల్టోలు వెనక బెంచీలో. ముందు బెంచీ ఎడమ చివర అమ్మది. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఉద్యోగమూ అయిపోయింది. వారంలో ఆరు రోజులు నలిగిన చీరల్లో తిరిగే మనిషి శనివారం ప్రాక్టీసుకి మాత్రం గంజి పెట్టిన చీర కట్టేది. ఆ బెంచీ చివర కూర్చున్నప్పుడు తప్ప ఆవిడ వీపు నిటారుగా ఉండటం నేను చూడలేదు.

మా చర్చిలో ఒక పద్ధతి ఉండేది. సొప్రానో పాడే ఆవిడ గొంతు పైకి అందకపోతే ఆ మాట ఆవిడతో ఎవరూ అనరు. తర్వాతి పాటకి కాగితాలు పంచేటప్పుడు మేష్టారు ఆవిడ చేతిలో ఆల్టో కాగితం పెడతారు. ఆవిడ అది చూసుకుంటుంది, లేస్తుంది, వెనక బెంచీకి వెళ్ళి కూర్చుంటుంది. ఎవరూ ఏమీ అనరు, తల తిప్పి చూడను కూడా చూడరు. అమ్మ తోటివాళ్ళు నలుగురు అలాగే వెళ్ళారు. ఇంత మర్యాదగా మనిషిని ఏడిపించే పద్ధతి ఇంకోటి నాకు తెలీదు.

జూన్‌లో మొదటి ప్రాక్టీసు జరిగింది. గూడెంలో పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ ఊదే ఆయన కూడా వచ్చాడు. మా సంఘం మనిషే. ఊదాడు, బ్రహ్మాండంగా ఉంది. అయితే మా పండగ ఆదివారం నాడు తనకి పెంటపాడులో శ్రావణమాసం పెళ్ళి ఒకటి ఉందనీ, రాలేననీ చెప్పేశాడు.

"పోనీలెండి," అన్నారు మేష్టారు. నా వైపు తిరిగి, "కీబోర్డులో ట్రంపెట్ గొంతు ఉందిగా అమ్మా, అది పెట్టి నువ్వే లాగించెయ్యి," అన్నారు.

పాటలో చివరి పేజీ గండం. మధ్యలో కాసేపు మూడేసి మాత్రల్లో ఊగుతూ, ఇంచుమించు నాట్యంలా నడిచిన పాట మళ్ళీ దర్జాగా నాలుగు మాత్రల్లోకి వస్తుంది. అక్కడ సొప్రానోలు పై 'సో', అంటే పై స్థాయి పంచమం, మూడుసార్లు ఎక్కాలి. మూడోసారి ఎక్కి నాలుగు మాత్రలు అక్కడే నిలబడాలి. మొదటిసారికే అమ్మ గొంతు చీలిపోయింది. పక్కన కాలేజీ పిల్లలు ఇద్దరు మొహాలు కాగితాల వెనక దాచుకున్నారు. మేష్టారి కళ్ళు బల్ల మీది కాగితాల కట్ట వైపు ఒక్క క్షణం వెళ్ళాయి. నేను చూశాను. అమ్మ కూడా చూసింది.

ఇంటికొచ్చి అమ్మ అన్నం తినలేదు. మర్నాటి నుంచి ఉప్పునీళ్ళ పుక్కిలింతలు, మిరియాల కషాయం. వంటింట్లో కూర తిరగమోత మధ్యలో ఆ 'సో' కోసం ప్రయత్నించేది. ప్రతిసారీ గొంతు చీలేది. అప్పుడు స్టవ్ తగ్గించి, నాకు వినపడలేదనుకుని ఊరుకునేది.

ఇక్కడ కీబోర్డు సంగతి చెప్పాలి. మా చర్చీల్లో ట్రాన్స్‌పోజ్ బటన్ లేకుండా వాయించేవాళ్ళు తక్కువ. పాస్టరుగారికి ఒక స్కేలు, పాస్టరమ్మగారికి ఒక స్కేలు, పెళ్ళిలో పాడే పెళ్ళికూతురి పిన్నికి ఇంకో స్కేలు. వేళ్ళకి అలవాటైన చోటే వాయిస్తూ బటన్ నొక్కితే యంత్రమే పైకో కిందికో జరుపుకుంటుంది. మా క్వయర్‌లో అయిదు గీతల నొటేషన్ చదివేది మేష్టారూ నేనూ మాత్రమే. మిగతా అందరిదీ సోల్ఫా, మిషన్ స్కూళ్ళలో నేర్పిన పద్ధతి. దో, రే, మీ అని అక్షరాలు ఉంటాయి. కాగితం నెత్తిన 'దో అంటే డి' అని ఒక ముక్క ఉంటుంది. దోని ఎక్కడ పెట్టుకుంటే పాట అక్కడికి జరుగుతుంది, అక్షరాలు ఒక్కటీ మారవు. మేష్టారి దగ్గర ఇంగ్లండు నుంచి వచ్చిన శ్రుతి ఫోర్కు ఒకటి ఉండేది. కీబోర్డు వచ్చిన రోజున, ఎలక్ట్రానిక్ వస్తువు అబద్ధం చెప్పదని నమ్మి, దాన్ని బీరువాలో పెట్టేశారు.

ఎలక్ట్రానిక్ వస్తువు చెప్పదు. దాని ముందు కూర్చున్న మనిషి చెప్పగలదు. రెండో శనివారం నేను బటన్ రెండుసార్లు నొక్కాను. చిన్న తెర మీద మైనస్ రెండు అని వెలిగింది. డి మేజర్ రెండు మెట్లు దిగి సి మేజర్ అయింది.

అమ్మ మూడు 'సో'లూ ఎక్కింది. మూడోదాని మీద నాలుగు మాత్రలూ నిలబడింది. పాట అయ్యాక ఆవిడ తన కాగితం వైపు చూసుకున్న తీరు ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. పరీక్ష పోయిందనుకున్న పిల్ల పేపర్లో తన నంబరు చూసుకున్నట్టు చూసింది. మేష్టారు మెచ్చుకోలుగా తలూపారు. నాకు మాత్రం చెమటలు పట్టి చేతులు కీబోర్డు మీద జారుతున్నాయి. మేష్టారిని అడిగి దించొచ్చు కదా అని మీరనొచ్చు. అడిగితే ఎవరి కోసం అని చెప్పాలి. ఆ మాట పైకి అనకూడదనేగా మా చర్చి అంతా అంత మర్యాదగా బతుకుతోంది. పైగా ట్రంపెట్ ఎలాగూ రావట్లేదు. ట్రంపెట్ లేనప్పుడు డి ఎందుకు? ఎవరికి నష్టం?

నష్టం పాటకి జరిగింది. అది నాకు మొదటి రోజే తెలిసింది. రెండే మెట్లు, అయినా తెరిచిన కిటికీలు ఎవరో ఓరగా వేసేసినట్టుంది. బరువు వచ్చింది, మెరుపు పోయింది. ఆ తగ్గిందేదో నా వేళ్ళకి తెలిసి, వేగం పెంచి సరిపెట్టబోయేవి. మేష్టారు కర్రతో స్టాండు మీద కొట్టి మళ్ళీ రాజుగారి నడక దగ్గరికి లాక్కొచ్చేవారు. మగవాళ్ళలో కింది గొంతు పాడేవాళ్ళ పని మరీ అన్యాయం. కొల్లేరు గట్టు మీది ఊరి నుంచి బస్సులో వచ్చే ఒకాయన ఉండేవాడు. చెరువు పోయి పని లేక దిగాలుగా ఉండేవాడు, అయినా ప్రాక్టీసు మానలేదు.

"ఏవండీ మేష్టారండీ," అన్నాడు ఒకరోజు, "ఈమధ్య పాట గోతిలోకి దిగిపోతోందండీ. నాకు అడుగు అందట్లేదు."

"మధ్యాహ్నం భోజనం తగ్గించండి, అందుతుంది," అన్నారు మేష్టారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంకో భయం కరెంటు. పవర్ పోయి వస్తే ఆ కీబోర్డు అన్నీ మర్చిపోయి సున్నాకి వచ్చేస్తుంది. ఆ వేసవి కోతల సంగతి తెలిసిందే. ఫాన్లు ఆగినప్పుడల్లా నా గుండె ఆగేది. కరెంటు రాగానే కాగితం సర్దుకుంటున్నట్టు వంగి బటన్ నొక్కేదాన్ని. ఒకసారి మేష్టారు నా పక్కనే నిలబడి ఉండటంతో నొక్కలేకపోయాను. ఆ రోజు అమ్మ గొంతు మళ్ళీ చీలింది.

"ఉక్కపోతండీ, గొంతు ఆరిపోయింది," అంది అమ్మ.

ఆ రాత్రి ఆవిడ కషాయంలో మిరియాలు రెట్టింపు వేసుకుంది. పొలమారి దగ్గుతున్న ఆవిడ వీపు రాస్తూ, ఇక చెప్పేద్దామనుకున్నాను. మంచినీళ్ళు మాత్రం తెచ్చిచ్చాను. తర్వాతి శనివారం మళ్ళీ మైనస్ రెండు, మళ్ళీ మూడు 'సో'లు.

జులై ఆఖర్లో స్త్రీల కూడిక మా ఇంట్లో పెట్టుకుంది అమ్మ. పులిహోర చేసింది. ప్రార్థనయ్యాక సాక్ష్యం చెబుతానని లేచి నిలబడింది. సాక్ష్యం అంటే మాలో దేవుడు తనకి చేసిన మేలు పదిమంది ముందూ చెప్పడం. ఒకసారి చెప్పాక అది మనిషి మాట కాదు, దేవుడి లెక్కలో పడిపోతుంది. అమ్మ ఎప్పుడూ సాక్ష్యాలు చెప్పే రకం కాదు. జ్వరం తగ్గినా మాత్ర వేసుకున్నానండీ తగ్గింది అనే మనిషి, నర్సు కదా.

"నాకు అరవై నిండాయండీ," అంది. "గొంతు పోయిందనుకున్నాను. అడగడానికి సిగ్గేసిందండీ. ఇంత లోకంలో ఇన్ని బాధలుండగా ఈ ముసలిదానికి పై సో ఇవ్వమని ఎలా అడుగుతాను? అడక్కుండానే ఇచ్చాడండీ."

ఆడవాళ్ళందరూ స్తోత్రం అన్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నేను వంటింటి గుమ్మంలో విస్తరాకులు పట్టుకుని నిలబడ్డాను. అప్పటిదాకా నేను చేసింది మేష్టారిని మోసం చేయడం. ఆ క్షణం నుంచి అది ఏమైందో నాకు పేరు పెట్టడం కూడా చేతకాలేదు. పండగ ఒక్కరోజు గట్టెక్కితే చాలు, తర్వాత మళ్ళీ ఎన్నేళ్ళకో కదా ఈ పాట అని రోజూ రైల్లో లెక్కలు వేసుకునేదాన్ని.

పండగ ఆదివారం రానే వచ్చింది. చర్చి కిక్కిరిసిపోయింది. కామవరపుకోట వైపు నుంచి కూడా బంధువులు వచ్చారు. నేను ముందుగానే వెళ్ళి మైనస్ రెండు పెట్టుకుని, కరెంటు పోతే జనరేటరు వెంటనే వేయమని వాచ్‌మన్‌ని మూడుసార్లు బతిమాలాను. అమ్మ తెల్ల గంజి చీరలో ముందు బెంచీ చివర, ఫ్లాస్కులో వేడినీళ్ళు పక్కన పెట్టుకుని కూర్చుంది. ప్రసంగం అయింది. కానుకలు పడుతున్నారు. ఆ తర్వాత మా పాట.

పక్క తలుపులోంచి ఎర్రకోటు ఒకటి లోపలికొచ్చింది. భుజాల మీద జరీ కుచ్చులు, చంకలో ట్రంపెట్. గూడెం ఆయన. పెళ్ళి ముహూర్తం తెల్లవారుజామునే అయిపోయిందట, బట్టలు మార్చుకుంటే ఆలస్యమవుతుందని అలాగే బస్సెక్కి వచ్చేశాడట. మొహమంతా చెమట, నవ్వు. మేష్టారి మొహం వెలిగిపోయింది. చెయ్యూపి నా పక్కన కూర్చోమన్నారు.

"టిఫిను కూడా తినలేదండీ," అన్నాడు ఆయన గుసగుసగా. "ఈ పాట వదులుకుంటానా. డి ఒకటి ఇవ్వండమ్మా, చూసుకుంటాను."

నేను డి మెట్టు నొక్కాను. అది సి పలికింది. ఆయన ట్రంపెట్ పెదాలకి ఆనించి సన్నగా ఊది, నా వైపు అయోమయంగా చూశాడు.

"అదేంటండీ, డౌనుంది?"

"మీరు... సిలో ఊదగలరా అండీ?"

"అమ్మో, నా వల్ల కాదమ్మా. వేళ్ళు ఒక చోటికి అలవాటు పడిపోయాయి."

ఊదొద్దని చెప్పొచ్చా? ఏ కారణం చెప్పి? మేష్టారితో చెప్పనా? ఆయన అప్పుడే కర్ర తీసుకుని ముందుకు నడుస్తున్నారు. అలాగే వాయించేస్తే ట్రంపెట్ ఒక స్కేల్లో, ముప్ఫై మంది ఇంకో స్కేల్లో. ఊరంతా కూర్చుని ఉంది. బటన్ రెండుసార్లు నొక్కాను. తెర మీద సున్నా వచ్చింది.

అమ్మకీ నాకూ మధ్య పది అడుగులు, రెండు పూల స్టాండులు. ఆవిడ నా వైపు చూసి ధైర్యంగా ఉండమన్నట్టు కళ్ళార్పింది. నా భయం నా వాయింపు గురించే అనుకుంది పాపం. నేను ఒళ్ళోంచి వేలు కొంచెం లేపి పైకి చూపించాను. పైకెళ్ళింది అమ్మా, పాట పైకెళ్ళింది, నువ్వు పాడకు, అని చెబుదామని. అమ్మ నా వేలు చూసింది. అవునన్నట్టు తలూపి, కళ్ళు మూసుకుని ఓ క్షణం ప్రార్థన చేసుకుంది.

కర్ర లేచింది. నేను మొదలుపెట్టాను. అన్ని వారాల తర్వాత డి మేజర్ చెవిన పడగానే, అంత భయంలోనూ, నా ఒళ్ళు గగుర్పొడిచింది. అంత తేడా. అలలు ఒకదాని మీద ఒకటి లేస్తున్నాయి. ఎప్పుడూ పరిగెత్తే నా వేళ్ళు ఆ రోజు ఒక్కటే రోజు వెనక్కి లాగాయి. ఆ నిమిషంన్నర అయిపోకూడదని, ఆ గొంతులు ఎప్పటికీ ఎత్తుకోకూడదని నేను నెమ్మదించాను, ఇంకా నెమ్మదించాను. మేష్టారి కర్ర నాకంటే ముందుండి రమ్మని లాగుతోంది. జీవితంలో మొదటిసారి ఆయన నన్ను తొందరపెట్టారు. ఎంత సాగదీసినా స్వరాలు అయిపోతాయి కదా. అయిపోయాయి. ముప్ఫై గొంతులూ ట్రంపెట్టూ ఒక్కసారి లేచాయి.

జనం నిజంగానే లేచి నిలబడ్డారు. కొల్లేరు ఆయన గొంతు అడుగు దొరికిన ఆనందంతో గోడలకి తగులుతోంది. మూడు మాత్రల నాట్యం కూడా తేలిగ్గా దాటింది. చివరి పేజీ తిప్పాను. మొదటి 'సో' దగ్గర అమ్మ గొంతు నిట్టనిలువునా చీలింది. ట్రంపెట్ హోరులో ఎవరికీ వినబడి ఉండదు. నాకు వినబడింది. రెండో 'సో'కి అమ్మ నోరు తెరిచింది కానీ ఏమీ రాలేదు. చెయ్యి గొంతు మీదికి వెళ్ళింది, మెడలో గొలుసు పోయిందేమోనని తడుముకున్నట్టు. మూడోసారికి ఆవిడ నోరు మూసేసుకుని, పై కప్పు వైపు చూస్తూ నిలబడింది. మిగతావాళ్ళు ఆ 'సో' మీద నాలుగు మాత్రలూ నిలబడ్డారు. నేను లెక్కపెట్టాను.

అందరూ మెచ్చుకున్నారు. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదన్నారు. మేష్టారు ట్రంపెట్ ఆయన్ని కౌగలించుకున్నారు. అమ్మ విందు భోజనానికి ఆగకుండా ఇంటికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళేసరికి చీర మార్చుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"గొప్పలు పోయానే," అంది. "నోరు మూసుకుని ఉండాల్సింది. అంతమందిని పోగేసి నాకిచ్చాడు నాకిచ్చాడు అని చెప్పుకున్నాను. అందుకే తీసేసుకున్నాడు."

అప్పుడు చెప్పాలి. మనిషన్నవాడు అప్పుడు చెప్పేస్తాడు. నేను వెళ్ళి అన్నం కలిపి తెచ్చాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు రైలు టైమైంది. అలా మూడు వారాలు. ఆ మూడు వారాలూ అమ్మ శుక్రవారాలు ఉపవాసం ఉంది. క్వయర్‌కి రానని మేష్టారికి కబురు పెట్టింది. అన్నిటికంటే నాకు భరించలేనిది ఇంకోటి. వంట చేస్తూ కూనిరాగం తీయడం మానేసింది. మా ఇంట్లో నాకు తెలిసి ఎప్పుడూ లేని నిశ్శబ్దం.

కొల్లేరు ఆయన ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాడు, చిన్న ఉద్యోగం ఏదో దొరికిందని. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరమూ వెళ్ళాం. అక్కడ అలవాటు ప్రకారం, "నర్సమ్మగారూ, పాట మీరెత్తండి," అన్నారు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేను పాడకూడదండీ," అంది, మెల్లగా.

పాడలేను అనలేదు. ఆ మాట నాకు గుచ్చుకున్నట్టు ఇంకెవరికీ గుచ్చుకోలేదు. ఇంకెవరో ఎత్తుకున్నారు.

తిరుగు ప్రయాణంలో గట్టు మీద బస్సు కోసం నిలబడ్డాం. వానలకి కొల్లేరు నిండి రోడ్డుకి రెండు వైపులా నీళ్ళే. సిమెంటు బల్ల మీద అమ్మ, పక్కన నేను. మేము తప్ప ఎవరూ లేరు. నీళ్ళ వైపు చూస్తూ చెప్పేశాను. బటన్, మైనస్ రెండు, ఎర్రకోటు, అంతా. గుక్క తిప్పుకోకుండా, ఎప్పట్లాగే వేగం పెంచేసి చెప్పాను.

అమ్మ కూడా నీళ్ళ వైపే చూసింది.

"ఎన్ని మెట్లు?" అంది చివరికి.

"రెండు."

"అన్ని వారాలూనా?"

"కరెంటు పోయిన ఆ ఒక్కరోజు తప్ప."

తిడుతుందనుకున్నాను. చెంప మీద కొట్టినా బాగుండేది. అమ్మ నెమ్మదిగా ఊపిరి వదిలింది. మూడు వారాలుగా బిగుసుకుపోయిన మొహం నా కళ్ళముందే సడలింది.

"అయితే ఆయన తీసుకోలేదన్నమాట," అంది.

"లేదమ్మా, తీసుకోలేదు. ఆయనకేం కోపం లేదు. అంతా నాదే తప్పు." నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. అంత తేలిగ్గా పోయేదాన్ని ఇన్నాళ్ళు మోశానా అనిపించింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు తట్టింది. మనసు కుదుటపడ్డ మనిషిలాగే ఉంది. కైకలూరు నుంచి వచ్చే బస్సు దూరాన కనిపించింది. సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

బస్సు వచ్చి ఆగింది. అమ్మ కమ్మీ పట్టుకుని ఒక కాలు పైన పెట్టింది. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది.

"ఇవ్వనూ లేదన్నమాట," అంది.

రెండో కాలు కూడా పైన పెట్టి, లోపలికి వెళ్ళి కూర్చుంది.